చీము పట్టని పీనస

యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృత్యర్థము జరుగు ఉపన్యాసమునకు ఒక చెవి, ముక్కు, గొంతు వైద్యుని పిలుచుట యెందులకని మీలో కొందఱికి తోచియుండవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. వారు జీవరసాయన శాస్త్రపు లోతులు చూచినవారు. నేను నలువది సంవత్సరములుగా ఇతరుల ముక్కులలోనికి దీపము పట్టి చూచుచు పొట్ట పోసికొన్నవాడను. కాని ఆహ్వానపత్రిక చేతికి వచ్చిన రాత్రి నా పాత కేసుషీట్లను తిరుగవేయుచుండగా, ఆయన జీవితకాలపు కృషికిని, నా వృత్తిలో నేను ఎదుర్కొనిన వ్యాధులలో మిక్కిలి భయంకరమైనదానికిని నడుమ ఒక సూటియైన దారి కలదని స్ఫురించినది. ఆ దారి వెంట మిమ్ము కొంతదూరము తీసికొనిపోవుదును. నడుమ ముక్కు మూసికొనవలసిన తావులు కొన్ని వచ్చును; క్షమింపుడు.

సుబ్బారావుగారు 1895 జనవరిలో భీమవరమున జన్మించిరి. ఆయన సోదరులిద్దఱు స్ప్రూ యను వ్యాధితో, కొద్ది దినముల యెడముననే, కన్నుమూసిరి. ఆ వ్యాధిలో ప్రేగులు ఆహారపు సారమును గ్రహింపజాలవు. ఫోలిక్ ఆమ్లము కొఱవడును. మూలుగలో పుట్టవలసిన రక్తకణములు సరిగా పరిణతి చెందక రోగి పాలిపోవును. ఆ ఆమ్లమును చేజిక్కించుకొని కృత్రిమముగా తయారుచేయు మహాప్రయత్నమును తరువాతి కాలమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో ఆయనయే నడిపించుట విధివిలాసమని కొందఱందురు. ఇంటిలోని దుఃఖమును మఱచిపోని మనిషి చేసిన పని యని నేననుకొందును. ఫోలిక్ ఆమ్లము రక్తకణములను పెంచునని తెలిసిన పిమ్మట, దానిని పోలియుండి దాని పనిని చెఱచు పదార్థము నొకదానిని సృజించినచో హద్దుమీఱి పెరుగుచున్న లుకేమియా కణముల నోరు కట్టవచ్చును గదా యను తలంపు కలిగినది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు లెడర్లీవారు పంపిన అట్టి పదార్థమును, అమినోప్టెరిన్‌ను, లుకేమియాతో మరణమున కెదురుచూచుచున్న 16 మంది పిల్లల కిచ్చి, వారిలో 10 మందికి కొంతకాలము గుణమిచ్చినదని 1948 జూన్‌లో ప్రకటించెను. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే పరమపదించిరి.

ఆ 16 మంది పిల్లల కథనుండియే నేటి రక్తక్యాన్సరు చికిత్సలో చాలభాగము పుట్టినది. కాని లుకేమియా కణము వేఱు, మంచి కణము వేఱు అని గుర్తెఱిగి చంపు విద్య ఆ మందులకు తెలియదు. వేగముగా విభజన చెందునది ఏదైనను వాటికి ఎరయే. మూలుగ ఖాళీయగును, తెల్లకణములు, అందునను న్యూట్రోఫిల్‌లనబడు కాపరులు, రెండు మూడు వారములపాటు రక్తములో దాదాపు కానరాకపోవును. ఆ రెండు మూడు వారములలో ముక్కు వెనుక ఏమి జరుగుననునదియే నా విషయము. రోగి యొక్క రక్తమును కాపాడు నిమిత్తము మనము అతని రక్తమునే కొంతకాలము దివాలా తీయించుచున్నాము; ఆ దివాలా దినములలో తలుపుతట్టు అప్పులవాండ్రలో బూజు మొదటిది కాకపోయినను మిక్కిలి కఠినమైనది.

మొదట మన మందఱమెఱిగిన పీనసను గూర్చి ఒక మాట. బుగ్గల వెనుకను, కనుబొమల పైనను, కన్నుల నడుమను, ఇంకను లోపల కపాలపు అడుగునను గాలితో నిండిన గదులు కలవు, వీనినే సైనసులందురు. జలుబు చేసినపుడు వాని సన్నని ద్వారములు వాచి మూసికొనిపోవును. లోపల ద్రవము నిలువయుండి క్రిములు చేరును. తలభారము, జ్వరము, దుర్గంధముతో కూడిన పసుపుపచ్చని స్రావము. రోగికి బాధ యెంత యున్నను వైద్యునికిది తెలిసిన భాషయే. మన పల్లెలలో కురుపు లేచినపుడు పెద్దలు దానిని తాకి చూచి, ‘ఇంకా పండలేదు, పండనీ’ అందురు. పండుటయనగా చీము పట్టుట. ఆ మాటలో గొప్ప శరీరశాస్త్రమున్నది. చీమనగా, క్రిములను మ్రింగి తామును చచ్చిన న్యూట్రోఫిల్‌ల రాశి. వాపు, ఎఱ్ఱదనము, వేడి, నొప్పి, చీము — వైద్యవిద్యార్థికి మొదటి సంవత్సరమున నేర్పు ఈ లక్షణములన్నియు వ్యాధి యొక్క లక్షణములని మనమనుకొందుము. వానిలో చాలభాగము వ్యాధిని ఎదిరించు రక్తము యొక్క లక్షణములు. రక్తమున కాపరులే లేనప్పుడు కురుపు పండదు. పీనసకు చీము పట్టదు. ముక్కు పొడిగా, నిర్దోషముగా, మర్యాదగా కనబడును. ఈ మర్యాదకు మోసపోయిన వైద్యులలో నేనొకడను. ఆ సంగతి కొంత తరువాత చెప్పెదను.

కాపరులెంతమంది తగ్గిన ప్రమాదము మొదలగును? ఇది ఊహతో చెప్పదగిన సంగతి కాదు, లెక్కింపవలసినది. మేరీలాండ్ రాష్ట్రమందలి బెథెస్డాలోగల జాతీయ క్యాన్సర్ సంస్థలో జెరాల్డ్ బోడే, బక్లీ, సాఠే, ఫ్రైరీష్ అను నలువురు అక్యూట్ లుకేమియా రోగులు 52 మంది రక్తగణనములను దినదినమును పరిశీలించి, వారి జ్వరములతో పోల్చి, 1966లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఆరోగ్యవంతుని రక్తమున ఒక మైక్రోలీటరుకు న్యూట్రోఫిల్‌లు 1500కు తక్కువ కాకుండ నుండును. ఆ సంఖ్య 1000కి దిగినపుడు అంటువ్యాధులు పెరుగుట మొదలగుననియు, 100కు దిగువకు పడినపుడు మిక్కుటమగుననియు, ఎంత లోతునకు పడినదను దానితోపాటు ఎన్ని దినములు ఆ లోతుననే యున్నదనునదియు రోగి భవితవ్యమును నిర్ణయించుననియు వారు చూపిరి. చదువుటకు నీరసమైన వ్యాసమది. అంకెలు, గీతలు తప్ప అందు అలంకారమేమియు లేదు. కాని నేటికిని ప్రపంచమందలి ప్రతి రక్తరోగుల వార్డులోను ఉదయమున మొదట అడుగు ప్రశ్న, ‘కౌంటు ఎంత?’ అనునది, ఆ వ్యాసము వేసిన బాట. అప్లాస్టిక్ ఎనీమియా యను వ్యాధిలో మూలుగ తనంత తానే ఎండిపోవును. అట్టివారికి ఈ లోతు వారములు కాక నెలలపాటుండును. ఇతరుని మూలుగను స్వీకరించినవారి కథ వేఱు: వారికి కణముల సంఖ్య కోలుకొనిన పిమ్మటను, ఆ పరాయి మూలుగ తమ దేహముతో కలహించినపుడు ఇచ్చు స్టెరాయిడ్‌ల వలన, ఉన్న కాపరులు నిద్రపోవుదురు. లెక్క నిండుగా నున్నను కాపలా లేదు.

ఇక బూజు. ఆస్పర్జిల్లస్ అను పేరు 1729లో మికేలీ అను ఇటలీ మతాచార్యుడు పెట్టినది. సూక్ష్మదర్శినిలో దాని తల ఆయనకు తమ చర్చిలో పవిత్రజలము చల్లు సాధనమువలె కనబడినదట. ప్రతివాడును తనకు తెలిసినదానినే చూచును. మ్యూకర్ వర్గమునకు చెందిన రైజోపస్ మన వంటింటిదే. వానకాలమున రొట్టెముక్కపై రెండవనాడు కనబడు బూదిరంగు దూదివంటిది అదియే. ఈ రెంటి విత్తనములు మట్టిలోను, కుళ్లిన ఆకులలోను, పేడదిబ్బలలోను, కూలర్ల తడిలోను ఎల్లప్పుడు నుండును. ఈ సభలోని ప్రతివారును ఈ గంటలో కొన్నింటిని పీల్చియున్నారు. భయపడకుడు, మీ కాపరులు మేలుకొనియే యున్నారు. (బూజుల ప్రస్తావన వచ్చినది గనుక ఒక చిత్రము: 1953లో హెసెల్టైన్ అను శిలీంధ్రశాస్త్రజ్ఞుడు మురుగునీటిని శుద్ధిచేయు తావులలో దొరకిన ఒక కొత్త బూజుకు మన సుబ్బారావుగారి గౌరవార్థము సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టెను. భీమవరమువాని పేరు బూజులలోను చిరస్థాయియైనది.)

కాపరులు లేని ముక్కులో విత్తనము మొలకెత్తిన పిమ్మట బూజు దారములు రక్తనాళముల గోడలను తొలచుకొని లోనికి పోవును. నాళమున రక్తము గడ్డకట్టును. ఆ నాళము పోషించు మాంసము మొదట తెల్లబడును, పిదప బూడిదరంగగును, కడపట నల్లనై రాలును. అక్కడనుండి కంటిగూటికిని, అంగిటికిని, కపాలముననున్న పెద్దసిరకును, మెదడునకును ప్రయాణము దినములలో, ఒక్కొక్కపుడు గంటలలో, సాగును. కావున ఆ నలుపు బూజు రంగు కాదు, చచ్చిన మాంసపు రంగు. 2021 వేసవిలో పత్రికలన్నియు ‘బ్లాక్ ఫంగస్’ అని పిలిచిన పేరు శాస్త్రదృష్టిలో తప్పు. నిజముగా నల్లని బూజులు వేఱు కుటుంబమునకు చెందినవి. పేరులోని తప్పు చిన్నదే కాని దాని ఫలము చిన్నది కాదు: నలుపు కనబడువఱకు వేచియుండుట ఆ పేరు నేర్పినది. నలుపు కనబడునప్పటికి ఆలస్యమైపోయియుండును.

ఆ వేసవిని మన రాష్ట్రములు రెండును మఱచిపోలేవు. 2021 మే నెలలో తెలంగాణ ప్రభుత్వము ఈ మ్యూకర్ వ్యాధిని తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించినది. హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి దాని చికిత్సకు ముఖ్యకేంద్రమైనది. ఆంధ్రప్రదేశమున దీనిని ఆరోగ్యశ్రీలో చేర్చిరి. ఆనాటి రోగులలో అత్యధికులు చక్కెరవ్యాధి గలవారు. కరోనాకు వాడిన స్టెరాయిడ్‌లు ఆ చక్కెరను అదుపుతప్పించినవి. అది మనదేశపు సహజరూపమే. 2016, 2017 సంవత్సరములలో మనదేశమందలి 12 ఆసుపత్రులలో చూచిన 465 మంది మ్యూకర్ రోగులలో 73.5 శాతము చక్కెరవ్యాధి గలవారు. క్యాన్సరు గలవారు, వారిలో ముఖ్యముగా రక్తక్యాన్సరు వారు, సుమారు 9 శాతము. పాశ్చాత్య దేశములలో రక్తరోగుల పాలు దీనికంటె చాల హెచ్చు. మన పుస్తకములు అక్కడినుండి వచ్చును, మన రోగులు ఇక్కడివారు. ఈ రెంటి నడుమ వైద్యుడు తడబడుట సహజము. చక్కెర రోగికి న్యూట్రోఫిల్‌లు ఉండును, పని సరిగా చేయవు. చక్కెరను అదుపులోనికి తెచ్చిన దినములలోనే అవి మేలుకొనును. రక్తరోగికి అవి అసలే లేవు; మూలుగ ఎప్పుడు దయతలచునో అప్పటివఱకు ఆగవలసినదే. అందువలన చక్కెర రోగులలో చూచిన ఫలితములను రక్తరోగులకు అన్వయించుట యుక్తము కాదు. 2013లో టర్నర్ మొదలగువారు 52 అధ్యయనములనుండి 807 మంది బూజుపీనస రోగుల వివరములను క్రోడీకరించి చూచినపుడు, బ్రదికినవారు దాదాపు సగము మంది మాత్రమే. చక్కెరవ్యాధి గలవారు మిగిలినవారికంటె మెఱుగుగా నుండిరి. మెదడునకు వ్యాధి ప్రాకినవారును, స్పృహ తప్పినవారును మిక్కిలి నష్టపోయిరి.

ఇప్పుడు నా తప్పును చెప్పుకొందును. చాల సంవత్సరముల క్రిందట ఒక యువకుడు, పందొమ్మిదియేండ్లవాడు, అక్యూట్ మైలాయిడ్ లుకేమియాకు మందులెక్కించుకొని, పదునాఱవ దినమున జ్వరముతో నుండెను. న్యూట్రోఫిల్‌లు 100కు లోపల. క్రిములను చంపు మందులు రెండు రకములు నడుచుచుండినను జ్వరము తగ్గలేదు. రక్తవైద్యులు నన్ను పిలిచిరి. ముక్కు చూచితిని: పొడిగా, శుభ్రముగా నున్నది. సి.టి. తీయించితిని: కుడివైపు లోపొర కొంచెము మందమైనది, ఎముకకు హాని లేదు. అంత మందము జలుబు చేసినవారిలో ఎవరికి లేదు? ‘ప్రస్తుతమునకు ఏమియు లేదు, రెండు దినములాగి మరల చూతము’ అని కేసుషీటులో వ్రాసి వచ్చితిని. ఆ వ్రాత ఇప్పటికిని నా కన్నుల ముందున్నది. అక్షరములు ముత్యములవలె నున్నవి.

మఱునాటి సాయంకాలము అతని తల్లి వరండాలో నన్నాపి, ‘బాబూ, అన్నం తినిపిస్తుంటే కుడిబుగ్గ మీద మెతుకు అంటుకుంటే వాడికి తెలియడం లేదు. ఇదివరకు వెంటనే తుడుచుకునేవాడు’ అన్నది. ఆ ఒక్క వాక్యము నేను చదివిన వ్యాసములన్నింటికంటె బరువైనది. చెంపకు స్పర్శనిచ్చు నాడి సైనసు పైకప్పు వెంట పోవును. బూజు ఆ నాడిని తాకినది. వెంటనే ఎండోస్కోపు పెట్టి, ముందునాడు ‘శుభ్రముగా నున్నది’ అనుకొన్న మధ్య టర్బినేటును — ముక్కు ప్రక్కగోడనుండి వ్రేలాడు మెత్తని దొప్పవంటి భాగమును — మరల చూచితిని. అది శుభ్రముగా కాదు, పాలిపోయియున్నది. సూదితో తాకినను రోగి ఉలికిపడలేదు. చిన్న ముక్క కోసినచో రక్తము రావలసినంత రాలేదు. రక్తమును గడ్డకట్టించు ప్లేట్‌లెట్‌లు 12,000 మాత్రమే యున్నవాని ముక్కునుండి రక్తము రాకపోవుట కంటె అశుభమేమి కలదు?

తరువాత తెలిసినది, ఇవన్నియు వ్రాయబడియే యున్నవని. 1998లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు తమ రోగులను పునఃపరిశీలించి, ముక్కులోపొర రంగు మాఱుట, స్పర్శ తప్పుట, గిల్లినను రక్తము రాకుండుట అను చిహ్నములను ఎత్తిచూపి, మధ్య టర్బినేటుననే వ్యాధి హెచ్చుగా దొరకుననిరి. 2003లో డెల్‌గాడియో మొదలగువారు 23 మంది రోగుల సి.టి. చిత్రములను చూచి, తొలిదశలో ఎముక తినబడుట అరుదనియు, ఒకవైపు ముక్కులోపొర మిక్కిలిగా వాచుటయే తఱచు కనబడు గుర్తనియు చెప్పిరి. ‘ఎముకకు హాని లేదు’ అను మాట నాకు ధైర్యమిచ్చిన మాట. అది ధైర్యమునకు కారణము కానేకాదు. చిత్రము చెప్పునది నిన్నటి సంగతి. వ్రేలికొనయు, సూదిమొనయు చెప్పునది నేటి సంగతి. ప్లేట్‌లెట్‌లు తక్కువగా నున్నవని భయపడి ముక్క తీయుట మానువారికి నేను చెప్పగలిగినదొకటే: ప్లేట్‌లెట్‌లు ఎక్కించి తీయుడు. తీసిన ముక్కను క్షారజలములో నానవేసి సూక్ష్మదర్శిని క్రింద చూచినచో అర్ధగంటలో తేలిపోవును. ఆస్పర్జిల్లస్ దారములు సన్నగా, కణుపులతో, చిన్నకోణమున చీలుచుండును. మ్యూకర్ దారములు వెడల్పుగా, కణుపులు లేకుండ, మడతపడిన రిబ్బనులవలె, ఇంచుమించు లంబకోణమున చీలుచుండును. ఆ రాత్రి మేము చూచినవి రిబ్బనులు.

ఈ భేదము పండితుల వినోదము కాదు. ఆస్పర్జిల్లస్‌కు వోరికోనజోల్ మంచి మందు. 2002లో హెర్‌బ్రెష్ట్ మొదలగువారు దానిని పాత యాంఫోటెరిసిన్‌తో పోల్చినపుడు, పండ్రెండు వారములకు బ్రదికియున్నవారు 70.8 శాతము, యాంఫోటెరిసిన్ పుచ్చుకొన్నవారిలో 57.9 శాతము. అదే మందు మ్యూకర్‌పై పనిచేయదు. పైగా దానిని ముందుజాగ్రత్తగా దీర్ఘకాలము పుచ్చుకొనుచున్న రక్తరోగులలో మ్యూకర్ చొచ్చుకొని వచ్చుచున్నదని కొన్ని ఆసుపత్రులు గమనించినవి. ఒక తలుపు మూసిన రెండవ తలుపున వచ్చినది. మ్యూకర్‌కు ఇప్పటికిని యాంఫోటెరిసినే మొదటి శరణ్యము. అది దక్షిణ అమెరికాలో వెనిజులా దేశపు ఒరినోకో నదీప్రాంతమునుండి తెచ్చిన మట్టిలోని ఒక సూక్ష్మజీవి యిచ్చిన వరము. బూజుకు విరుగుడు మట్టిలోనే దొరకినది. తొలినాటి మందు ఎక్కించుచున్నంతసేపు రోగి చలితో మంచమదురునట్లు వణకెడివాడు; మూత్రపిండములు దెబ్బతినెడివి. క్రొవ్వు తొడుగులో ఇమిడ్చిన లైపోసోమల్ రూపము వచ్చిన పిమ్మట ఆ బాధ చాలవఱకు తగ్గినది. ధర మాత్రము పెరిగినది.

ఎంత త్వరగా ఈయవలెననునదానికి హ్యూస్టన్‌నగరమందలి ఎం.డి. ఆండర్సన్ ఆసుపత్రివారి 2008 నాటి అధ్యయనము చాలును. రక్తక్యాన్సరు గల 70 మంది మ్యూకర్ రోగులలో, వ్యాధి నిర్ణయమైనది మొదలు ఆఱు దినములలోపల యాంఫోటెరిసిన్ మొదలుపెట్టినవారిలో పండ్రెండు వారములలోపల చనిపోయినవారు 48.6 శాతము, ఆఱు దినములు గాని అంతకుమించి గాని జాగుచేసినవారిలో 82.9 శాతము. నేను జాగుచేసినది ఒక దినము. ఆ పట్టికలో ఒక దినమునకు వేఱుగా గడి లేదు.

రక్తమునకును బూజునకును గల చుట్టఱికములలో ఇనుము కథ చిత్రమైనది. తలసీమియా వంటి వ్యాధులలో మాటిమాటికి రక్తమెక్కించుట వలన దేహమున ఇనుము పేరుకొనును. దానిని తీసివేయుటకు వాడిన డెఫెరాక్సమిన్ అను మందును రైజోపస్ తనకు ఇనుము మోసుకొనివచ్చు కూలివానిగా వాడుకొనునని తేలినది. మందు పుచ్చుకొన్నవారిలో మ్యూకర్ హెచ్చుట కిది కారణము. అంతట కొందఱు, బూజు వాడుకొనజాలని మఱియొక మందుతో, డెఫెరసిరాక్స్‌తో, ఇనుమును తీసివేసినచో బూజు ఆకలితో చచ్చును గదా యనుకొనిరి. ఎలుకలలో అట్లే జరిగినది. తర్కము ముచ్చటగా నున్నది. సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లపు తర్కమునకు తోబుట్టువువలె నున్నది. 2012లో ప్రకటింపబడిన పరీక్షలో 20 మంది రోగులను చీటీలు వేసినట్లు విభజించి, 11 మందికి ఆ మందును, 9 మందికి ఉత్తి మాత్రను ఇచ్చిరి. తొంబది దినములకు మందు పుచ్చుకొన్నవారిలో 82 శాతమును, ఉత్తి మాత్ర పుచ్చుకొన్నవారిలో 22 శాతమును చనిపోయిరి. అంతమాత్రమున మందే చంపినదని చెప్పుటకు వీలులేదు: చీటీలలో క్యాన్సరు గలవారు, న్యూట్రోఫిల్‌లు లేనివారు మందు పక్షముననే హెచ్చుగా పడిరి. ఇరువదిమందిలో దైవము అట్లు పంచినది. ఒకే వ్యాధి పేరు క్రింద రక్తరోగిని, చక్కెర రోగిని ఒక బుట్టలో వేసినచో లెక్క యెట్లు తలక్రిందులగునో చూపుటకు ఇంతకంటె మంచి పాఠము నేనెఱుగను. అయినను ఆ మందును ఈ వ్యాధిలో వాడరాదని అందఱును నిశ్చయించుకొనిరి, అది వివేకము.

పెద్ద పరీక్షలు ఈ రంగమున అరుదు. ఒక్కొక్క ఆసుపత్రిలో ఏడాదికి ఇట్టి రోగులు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే. వచ్చినవారిని చీటీలు వేసి విభజించు తీరిక వ్యాధి ఈయదు. కావున మన జ్ఞానములో చాలభాగము పాత కేసుషీట్లను తిరిగి చదువుట వలన వచ్చినది. కేసుషీటు వ్రాసినవాడు చూడని దానిని పిదప ఎవరును చదువలేరు. శస్త్రచికిత్స చేసినవారు హెచ్చుగా బ్రదికిరని ప్రతి వ్యాసమును చెప్పును. నిజమే, చచ్చిన మాంసములోనికి మందు పోదు గనుక దానిని తొలగింపక తప్పదు. కాని బల్లపైకి ఎక్కింపదగిన స్థితిలో నున్నవానినే సర్జను ఎక్కించును. మిగిలినవారు ‘శస్త్రచికిత్స లేనివారు’ అను వరుసలో చేరి చనిపోవుదురు. ఆ అంకెలలో కత్తి గొప్పతనమెంత, రోగి బలమెంత, విడదీయుట కష్టము. కన్ను తీసివేయవలెనా వద్దా యను ప్రశ్న వచ్చినపుడు ఈ అంకెలు మఱింత మౌనము వహించును. ఆ రాత్రులలో నేను తీసికొన్న నిర్ణయములలో కొన్ని సరియైనవో కావో నాకు తెలియదు. దాతల తెల్లకణములను ఎక్కించి కాపరులను అరువు తెచ్చుకొనవచ్చునను ఆశయు పరీక్షకు నిలువలేదు: 2015లో ప్రకటింపబడిన అమెరికా పరీక్షలో 114 మంది రోగులు చేరిరి, ఎక్కించినవారికిని ఎక్కింపనివారికిని ఫలితము ఇంచుమించు సమానము, 42 శాతము, 43 శాతము. అరువు కాపరులు కొద్ది గంటలలో వెళ్లిపోవుదురు. ముందుజాగ్రత్తగా మందు ఇచ్చుట మాత్రము మేలుచేసినది. 2007లో పోసకోనజోల్ ఇచ్చిన లుకేమియా రోగులలో బూజువ్యాధులు 2 శాతము, పాతమందులు ఇచ్చినవారిలో 8 శాతము.

రక్తరోగియొక్క సైనసులను గూర్చి చెప్పదలచినచో ఇంకను చాల కలదు, తడవి విడిచెదను. తలసీమియా బిడ్డలో మూలుగ తన కొఱతను తీర్చుకొన యత్నించి దవడ యెముకలోనికి పొంగును. గాలి యుండవలసిన బుగ్గగది మూలుగతో నిండి, బుగ్గలు ఉబ్బి, పండ్లు ముందుకు వచ్చును. కొడవలికణ వ్యాధి మన ఏజెన్సీ ప్రాంతముల గిరిజన కుటుంబములలో కలదు. ఆ బిడ్డకు కంటిగూటి యెముకలో రక్తప్రసారమాగి కన్ను వాచినపుడు పీనస కంటికి ప్రాకినదని భ్రమపడి కత్తి పట్టిన సందర్భములు కలవు. మైలోమా, దీర్ఘకాలిక లింఫోసైట్ లుకేమియాలలో ప్రతిరక్షకములు కొఱవడి మాటిమాటికి పీనస వచ్చును. అచ్చట చీము పుష్కలము, దిగులు తక్కువ. ముక్కు నడుమ పుట్టు ఒక జాతి లింఫోమా అచ్చముగా బూజువ్యాధివలెనే మాంసమును తినివేయును. బయాప్సీ తప్ప వేఱు దారి లేదు.

ఆ యువకుని సంగతి. ఆ రాత్రియే లైపోసోమల్ మందు మొదలుపెట్టి, ప్లేట్‌లెట్‌లు ఎక్కించి, తెల్లవాఱుజామున బల్లపైకి తీసికొంటిమి. కుడి టర్బినేటులు, బుగ్గగది లోగోడ, అంగిటిలో సగము పోయినవి. నాలుగు దినముల పిమ్మట అంచులు మరల పాలిపోయినవని చూచి రెండవ మాఱు తీసికొంటిమి. కన్ను దక్కినది. అటుపైన మాకు చేయవలసిన పని వేచియుండుటయే. ప్రతి ఉదయమును దీపము పట్టి చూచెడివాడను: పొడి, పాలిపోయిన అంచు, ఎచ్చటను తడి లేదు. ప్రతి ఉదయమును రక్తవైద్యుడు చీటీ చూపెడివాడు: 40, 30, 60, 40. తల్లి ఆ అంకెలను ఇంటి జమాఖర్చు పుస్తకములో వ్రాసికొనెడిది.

ఇరువదియేడవ దినమున నేను రౌండ్సుకు పోవునప్పటికి ఆమె వరండాలోనే ఎదురువచ్చినది. రాత్రి నిదురలేదని కన్నులు చెప్పుచున్నవి. ‘బాబూ, తెల్లవారుజాము నుంచి ముక్కులోంచి పసుప్పచ్చగా కారుతోంది, చెడ్డ వాసన, బుగ్గ కూడా ఎర్రగా వాచింది, మళ్ళీ మొదలైందా?’ అన్నది. లోనికి పోయి దీపము పట్టి చూచితిని. అంచులు ఎఱ్ఱబడియున్నవి. చిక్కని, పసుపుపచ్చని, మన మందఱము ముఖము చిట్లించు ఆ స్రావము గదిలో సగమువఱకు నిండియున్నది. దూదితో తుడిచి వెలుతురులో పట్టుకొని చూచితిని. వెనుకనుండి రక్తవైద్యుడు ఆనాటి చీటీని నా భుజముమీదుగా చాచెను. చూడవలసిన పనిలేకపోయినను చూచితిని, 620.

‘చీము పట్టిందమ్మా’ అంటిని. ఆమె ఏడ్చుట మొదలుపెట్టినది. నేను నవ్వుచున్నానని ఆమె గమనించుటకు కొంతసేపు పట్టినది.